గుమ్మం దగ్గర హెడ్డు

మార్చి 4, సోమవారం

ఈ రోజు నుంచి నేను హెడ్ కానిస్టేబుల్‌ని. సినిమాల్లో నేను ఎప్పటినుంచో పోలీసునే, కానీ ఆ పోలీసు వేరు. హీరో అందరినీ చితక్కొట్టేశాక జీపు దిగి పరిగెత్తుకొచ్చే గుంపులో చివరివాణ్ణి. డైలాగు సంగతి దేవుడెరుగు, మొహం మీద లైటు కూడా పడేది కాదు. ఇది టీవీ సీరియల్. పది వారాలు, వారానికొక ఎపిసోడ్, పదింట్లోనూ నేనున్నాను.

డైరెక్టరమ్మ నా కన్నా చాలా చిన్నది. గొంతు పెంచదు. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పింది. సెట్లో సొంత పేర్లు వాడకూడదట. నేను హెడ్ గారిని. జీపు నడిపేవాడు జీపు. టైపు కొట్టే ఆవిడ టైపిస్టు. మాకందరికీ పైన ఇన్‌స్పెక్టరమ్మ. రెండోది, ఎవరి సీన్ల కాగితాలు వాళ్లకే ఇస్తారు. కథ ఏమిటంటే, నగల కొట్లు దోచే ముఠా ఒకటుంది. పోలీసులు ఎప్పుడు దాడికి వెళ్లినా గది ఖాళీ, పొయ్యి మాత్రం ఇంకా వేడిగా ఉంటుంది. స్టేషన్లోంచే ఎవరో ఉప్పందిస్తున్నారన్నమాట. ఆ మనిషెవరో డైరెక్టరమ్మకీ, రచయితకీ తప్ప ఎవరికీ తెలియదు.

"తెలిస్తే మీ మొహాల్లో కనిపించేస్తుందండీ" అంది.

నా మొహంలో ఏం కనిపించాలో నాకొకరు చెప్పాలా! అయినా ముచ్చటపడి చెబుతోంది కదా అని తలూపాను.

డ్రైవింగ్ స్కూలుకు ఇక రానని మా బావమరిదికి మొన్ననే చెప్పేశాను. "సరే బావా, ఎందుకైనా మంచిది, పక్క సీటు ఖాళీగా ఉంచుతాలే" అన్నాడు. వెటకారం! ఆ సీట్లో కూర్చుని, ఊళ్లోవాళ్లు కారును గోడల మీదకు పోనిస్తుంటే నా కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కుతూ బతికాను ఇన్నాళ్లూ. ఇక ఆ సీటు మొహం చూడను. ఈ సీరియల్ నిలబడితే రెండో సీజన్ ఉంటుందట. అందులో కూడా స్టేషన్లో మిగిలినవాళ్లంతా ఉంటారట. మిగిలినవాళ్లు అంటే ముందు నేనే.

మార్చి 7, గురువారం

ఇదంతా సహజంగా ఉండాలట. ఫైటింగులు లేవు. పాటలు లేవు. ఫ్యాను కిర్రుమంటుంటే నూనె వెయ్యబోయిన లైట్‌మ్యాన్‌ను డైరెక్టరమ్మ ఆపేసింది. జీపు స్టార్టవ్వదు, అందరం కలిసి తొయ్యాలి, అదొక పూర్తి సీను. తొయ్యడంలో మొహం కనిపించదని నేను వెనక నుంచి కాకుండా పక్క నుంచి తోశాను.

అసలు విషయం రాయాలి. ఇన్‌స్పెక్టరమ్మ తన గదిలో బల్ల మీద మ్యాపు పరిచి, రేపు దాడి ఎక్కడో చెబుతుంది. కాగితంలో ఆ సీన్లో నేను లేను. లేకపోతే? స్టేషన్లో హెడ్డన్నవాడు ఉంటాడు కదా. టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్లాను. ఒక్కొక్క గ్లాసూ నింపాదిగా పెట్టాను. మ్యాపు మీద టీ ఒలక్కుండా దాన్ని కాస్త నా వైపు జరిపి, చూసి, మళ్లీ సరిచేశాను. తిరిగొస్తూ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులో ఏదో గుచ్చుకున్నట్టు వంగాను. మొత్తం సీనంతా ఫ్రేములో నేనున్నాను!

డైరెక్టరమ్మ కట్ చెప్పలేదు. మానిటర్ దగ్గర రచయితా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు నచ్చకపోతే చెప్పేవాళ్లే కదా.

మార్చి 8

ఈ రోజు వరండా సీను. జీపు వెళ్లిపోతుంది, నేను వెనక మసగ్గా నిలబడాలి, అంతే. మసగ్గా నిలబడటానికా నేను పుట్టింది? జేబులోంచి ఫోను తీశాను. ఫోను మాట్లాడేవాడు ఎప్పుడూ ముఖ్యమైనవాడిలా కనిపిస్తాడు. మిగతావాళ్లకు వీపు, కెమెరాకు మొహం. వాచీ కూడా చూసుకున్నాను. ఊరికే పెదాలు కదిపితే అది దొంగ నటన, సహజత్వం కావాలన్నారు కదా, అందుకని సన్నగా నిజంగానే మాట్లాడాను. "ఆఁ... ఇప్పుడే బయల్దేరారు" అన్నాను. జీపు బయల్దేరింది మరి. సందర్భానికి తగ్గ మాట.

డైరెక్టరమ్మ దగ్గరకు వచ్చి, "ఆ ఫోను మీ ఆలోచనేనా?" అని అడిగింది.

"నాదేనమ్మా."

"ఆ మాట కూడానా?"

"పూర్తిగా నాదే."

నవ్వింది. ఆ నవ్వులో గౌరవం ఉంది. కాలు నేల మీద నిలవడం లేదు.

మార్చి 15, శుక్రవారం

మొదటి ఎపిసోడ్ వేశారు. బావమరిది కుటుంబంతో సహా వచ్చాడు. "ఎప్పుడు కొట్టుకుంటారు బావా?" అని మూడుసార్లు అడిగాడు. కొట్టుకోరురా అంటే, "మరి పోలీసులెందుకు?" అన్నాడు. వాడితో వాదన పెట్టుకోకూడదు.

మా ఆవిడ కుట్టుమిషన్ దగ్గరే కూర్చుని, ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ చూసింది. చివర్లో, "ఆ హెడ్డు ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఎందుకుంటాడండీ?" అంది.

చూశావా! అంతమందిలో మా ఆవిడ కళ్లు హెడ్డు మీదే పడ్డాయి. పెళ్లాం కదా అనుకుందామంటే, ఆవిడ నన్ను మెచ్చుకునే రకం కాదు. అంటే నిజంగానే కనిపించానన్నమాట.

మార్చి 22, శుక్రవారం

రెండో ఎపిసోడ్లో ఫోను సీను వచ్చింది. నా మాట ఎంత సన్నగా అన్నానో అంత స్పష్టంగా వినిపించింది. మైకు పెట్టినవాడికి దండం.

మా ఆవిడ సూది ఆపింది. "ఎవరితో మాట్లాడుతున్నారూ?"

"ఎవరితోనో ఒకరితో. పాత్ర అన్నాక ఫోనుండదా?"

"పోలీసులు బయల్దేరారని ఎవరికైనా ఎందుకు చెప్తారండీ?"

ఒక్క క్షణం తడుముకున్న మాట నిజం. వెంటనే అందుకున్నాను. "ఇంటికి చెప్తారు. పాత్రకు మాత్రం పెళ్లాం ఉండదా? ఆలస్యమవుతుందని నీకు చెప్తున్నాననుకో."

మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, దారం పంటితో తెంపి, మళ్లీ పనిలో పడింది. ఆవిడకు నటన గురించి ఏం తెలుసని చెప్పను!

ఏప్రిల్ 3, బుధవారం

సీరియల్ జనంలోకి వెళ్లింది. ఎక్కడ చూసినా ఉప్పందించేది ఎవరనే గోల. జీపు తోసిన సీను గురించి పేపర్లో కూడా రాశారు. రాసినాయన నా పేరు వెయ్యలేదు, కానీ "పక్క నుంచి తోస్తున్న వ్యక్తి" అన్నాడు. నేనే.

సెట్లో కూడా అదే గోల. అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. నేను మాత్రం తేల్చేశాను. జీపే! వాడి కళ్లు చూస్తేనే తెలుస్తుంది. పైగా దాడికి వెళ్లేటప్పుడు ఎక్కడికో ముందు తెలిసేది వాడికే. వాడి భుజం తట్టి, "తమ్ముడూ, రెండో సీజన్లో నీ కోసం జైలుకు టీ పట్టుకొస్తాలే" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. జీపు మాత్రం నవ్వలేదు. పాపం, వాడికీ అర్థమైపోయినట్టుంది.

రెండో సీజన్లో హెడ్డుకు ప్రమోషన్ వస్తే బాగుంటుంది. ముప్పై ఏళ్లు నిజాయితీగా చేసినవాడు. ఒక్క మచ్చ లేనివాడు. ఈ చరిత్రంతా నేనే అల్లుకున్నాను. డైరెక్టరమ్మకు చెప్పాను కూడా. చాలా శ్రద్ధగా విని, "మీరు అలాగే అనుకుంటూ చెయ్యండి హెడ్ గారూ, ఏమీ మార్చొద్దు" అంది.

ఏప్రిల్ 9

ఈ రోజు ఒక్క ఫ్రేములో కూడా దూరడానికి సందు దొరకలేదు. అన్నం సహించలేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

పేరంటే ఇదీ. మందుల షాపతను నన్ను చూడగానే చేస్తున్న పని ఆపి, పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ చూశారు. చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి తోశాడు. గౌరవంతో చెయ్యి వణికి ఉంటుంది.

కింద వాటాలో పెద్దావిడ, మెట్ల మీద కూతురితో మాట్లాడుతున్నదల్లా నేను రాగానే టక్కున ఆపేసింది. నేను దాటి పైకి వెళ్లేదాకా మాట లేదు. ఇంతకుముందు నేనొచ్చినా పోయినా పట్టించుకునేదే కాదు.

బావమరిది ఫోను చేశాడు. "బావా, ఆదివారం మేం ఊరెళ్తున్నాం. ఎవరికీ చెప్పకేం" అని ఒకటే నవ్వు. ఏమిట్రా అంటే చెప్పడు. వాడికి నా ఎదుగుదల చూసి కడుపుమంట.

మా ఆవిడ ఏమీ అనడం లేదు. నేనే అడిగాను, ఎవరనుకుంటున్నావు, జీపేగా అని. "మీరు జీపంటే జీపేలెండి" అంది. మా ఆవిడ నా మాటకు ఒప్పుకోవడం మా పెళ్లయ్యాక ఇదే మొదలు. ఎందుకో సంతోషం వెయ్యలేదు.

ఏప్రిల్ 29, సోమవారం

పదో ఎపిసోడ్ పిలుపు వచ్చింది. ఒక రోజంతా షూటింగు. గదిలో ఇద్దరమే, ఇన్‌స్పెక్టరమ్మా నేనూ. టైపిస్టు లేదు, జీపు లేదు, ఎవరూ లేరు. పది నిమిషాల సీను!

కాగితాలు ఇవ్వలేదు. డైరెక్టరమ్మ ఫోన్లో చెప్పింది. "ఇన్‌స్పెక్టర్ అడుగుతుంది, మీరు జవాబు చెప్పాలి. జవాబులు మీవే. ముగింపులు రెండూ సిద్ధంగా ఉన్నాయండీ. మీరు చెప్పేదాన్నిబట్టి హెడ్డు స్టేషన్లో ఉంటాడు, లేదా ఉండడు."

ప్రమోషన్ ఇంటర్వ్యూ అన్నమాట. ఉండడు అంటే, ఇంకా పెద్ద ఆఫీసుకు వెళ్తాడని.

మా ఆవిడకు చెబితే, "జాగ్రత్తండీ" అంది. దేనికి జాగ్రత్త? ఆడవాళ్లకు అదొక ఊతపదం.

మే 6, సోమవారం

అయింది.

మే 7

నిన్నటిది వివరంగా రాయాలని కూర్చున్నాను. తర్వాత రాస్తాను.

మే 8, బుధవారం

అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ల నిజాయితీ! ఒక్క మచ్చ లేదు! ఎవరినడిగి చేశారు?

సరే. మొదటి నుంచీ రాస్తాను.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఆ కిర్రుమనే ఫ్యాను. నేను యూనిఫాం ఇస్త్రీ మడత చెడకుండా కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. సెట్లో ఆ అమ్మాయి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు, నాకు ఆ అమ్మాయి పొగరంటే గిట్టదు కూడా. కెమెరా తిరుగుతోందని చెప్పలేదెవరూ. తిరుగుతూనే ఉంది.

"టీ ఎవరు తెమ్మన్నారు హెడ్ గారూ?" అంది.

"ఎవరూ తెమ్మనలేదు మేడమ్. నేనే తెచ్చాను." గర్వంగా చెప్పాను. నా ఆలోచన కదా.

"ప్రతిసారీ నేను మ్యాపు పరిచినప్పుడే తెచ్చారు."

"అలా కుదిరింది మేడమ్."

"నాలుగుసార్లు కుదిరిందా?"

నవ్వబోయాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మ్యాపు మీ వైపు ఎందుకు జరిపారు?"

"టీ ఒలుకుతుందని."

"గుమ్మం దగ్గర ఎందుకు ఆగారు?"

"చెప్పులో ఏదో..."

"మీరు వేసుకున్నది బూట్లు."

అప్పుడు తగిలింది నాకు. బల్ల కింద నా కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. నేను తొక్కలేదు, అదే తొక్కింది. డ్రైవింగ్ స్కూల్లో ఎదురుగా గోడ వస్తున్నప్పుడు కాలు దానంతటది పోయేది, అలాగే. కాలి కింద సిమెంటు తప్ప ఏమీ లేదు.

ఆ అమ్మాయి ఒక్కొక్కటే బల్ల మీద పెడుతోంది. వరండా. వాచీ. కిటికీ దగ్గర నేను సర్దిన ఫైళ్లు. జీపు తోసేటప్పుడు వెనక నుంచి తొయ్యకుండా పక్కన నిలబడి, తోస్తున్నంతసేపూ రోడ్డు చూడటం. ఇవన్నీ నేను చేసినవే! ఏదీ వాళ్ల కాగితాల్లో లేదు! కనిపించడం కోసం చేశాను, అంతే, ఈ లోకంలో ఎవరి కొంపా ముంచడానికి కాదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. హెడ్డు ఆ మాట ఎలా చెబుతాడు? హెడ్డుకు కెమెరా లేదు కదా. నాకుంది. వాడికి లేదు. కెమెరా లేని మనిషి గుమ్మం దగ్గర అంతసేపు ఎందుకు నిలబడతాడు?

"ఎనిమిదో తారీకు వరండాలో ఫోను" అంది. "ఇప్పుడే బయల్దేరారు అన్నారు. ఎవరితో?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. నెలన్నర కిందటే మా ఆవిడ కోసం తయారుచేసుకున్నాను. ఆలస్యమవుతుందని మా ఆవిడకు చెప్పాను మేడమ్. అంతే. ఎంత సహజమైన జవాబు! ఎవరు కాదంటారు? హెడ్డు స్టేషన్లోనే ఉంటాడు. రెండో సీజన్. డైరెక్టరమ్మ ఫోన్లో చెప్పిందేమిటో అప్పుడు అర్థమైంది నాకు. మానిటర్ వెనక ఆవిడ కూడా అదే ఎదురుచూస్తోంది, ఏం చెబుతానా అని.

"మా ఆవిడ..." అన్నాను.

ఆ మాట అనగానే మా ఆవిడ దారం తెంపుతూ చూసిన చూపు గుర్తొచ్చింది. ఆవిడ నమ్మలేదు ఆ రోజు. వంటింటికీ మిషన్‌కీ మధ్య తిరిగే మనిషే నమ్మకపోతే ఈ ఇన్‌స్పెక్టరు నమ్ముతుందా? నమ్మినట్టు నటిస్తే, అది మళ్లీ ఆ పాత సినిమా అవుతుంది, ఎడమ నుంచో కుడి నుంచో పరిగెత్తుకొచ్చే పోలీసు అవుతాను నేను. ఫ్యాను తిరుగుతోంది.

టోపీ తీసి బల్ల మీద పెట్టాను.

"మా ఆవిడకు మాత్రం చెప్పకండి మేడమ్" అన్నాను.

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగరు అనుకున్నాను కదా, పాపం, పొగరేం కాదు. లేవమని సైగ చేసింది. లేచాను. గుమ్మం దాటాను. వెనక్కి తిరగలేదు, ఆగలేదు, చెప్పులు చూసుకోలేదు. వరండా చివరిదాకా వెళ్లి, అక్కడున్న లైట్‌మ్యాన్‌ను గుద్దుకుంటే గాని ఆగలేదు.

మే 9

డైరెక్టరమ్మతో మాట్లాడాను. కడిగేద్దామనే వెళ్లాను.

"మేం రాసుకున్నది టైపిస్టును హెడ్ గారూ" అంది. "మొదటి వారం తీసినది చూసుకుంటే, మేం రమ్మన్నా రమ్మనకపోయినా ప్రతి గుమ్మంలోనూ మీరే. రచయిత నెత్తి కొట్టుకుని, మీ సీన్లన్నీ తీసేద్దామన్నాడు. ఫోను సీను చూశాక, తియ్యొద్దు, వీళ్ళలో ఉప్పందించేవాడు ఇతనే అన్నాన్నేను. కథంతా తిరగరాశాం."

నన్ను తీసేద్దామనుకున్నారట! అంటే ఆ ఫోనే నన్ను పదో వారం దాకా నిలబెట్టింది. ఈ లెక్కన నా తెలివే నాకు అక్కరకొచ్చింది.

"రెండో సీజన్లో..." అన్నాను.

"మీరే ఒప్పుకున్నారు కదండీ" అంది మెల్లగా. నా చెయ్యి పట్టుకుంది. "ఇంకో మాట చెప్పి ఉంటే మీరుండేవారు. సీను ఉండేది కాదు."

కడగడం మర్చిపోయి వచ్చేశాను.

మే 11

మా ఆవిడకు ఏమీ చెప్పలేదు. వేసేదాకా రహస్యం బయటపెట్టకూడదని మాట తీసుకున్నారు మరి. అందుకే చెప్పలేదు.

మే 14

పొద్దున్న తయారై బయటికి వెళ్లి, సాయంత్రం వచ్చాను. షూటింగేనా అని అడగలేదు ఆవిడ. నేనూ చెప్పలేదు. రహస్యం కదా.

మే 17, శుక్రవారం

చివరి ఎపిసోడ్.

బావమరిదిని రావద్దన్నాను. ఇద్దరమే చూశాం. మా ఆవిడ ఈసారి మిషన్ దగ్గర కూర్చోలేదు, నా పక్కన కూర్చుంది. చేతిలో సూది లేదు.

సొంత గొప్ప అనుకున్నా సరే రాస్తాను, ఎవరు చదువుతారు గనక. ఆ పది నిమిషాలు నేను టీవీలో నన్ను చూసుకోలేదు. ఆ మనిషినే చూశాను. కెమెరా ఒకచోట బల్ల కిందికి పోయింది, నా కాలు చూపించింది, బూటు నేలను తొక్కుతూ తొక్కుతూ ఉంది. అది నటన కాదని ఊళ్లో ఒక్కరికీ తెలియదు. చూసినవాళ్లందరికీ తెలుస్తుంది కూడా, ఎలాగో.

"మా ఆవిడకు మాత్రం చెప్పకండి మేడమ్."

లేచాడు. వెళ్లిపోయాడు. ఖాళీ గుమ్మం చాలాసేపు అలాగే చూపించారు.

పేర్లు వేస్తున్నారు. నేను పక్కకు చూడలేదు. చూడటానికి ధైర్యం చాల్లేదు.

"నాకు రెండో వారమే తెలుసండీ" అంది మా ఆవిడ.

"ఉప్పందించేది నేనే అనా?"

"అదీ." రిమోట్ తీసి టీవీ ఆపేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఈ వారం ఏ షూటింగూ లేదనీ తెలుసు. మూడు రోజుల నుంచీ పార్కులో కూర్చుంటున్నారని మందుల షాపతను చెప్పాడు. మీ మీద కన్నేసి ఉంచాడు పాపం, దొంగలతో కలుస్తారేమోనని."

ఆవిడకు నవ్వాగలేదు. కాసేపటికి నాకూ ఆగలేదు.

"ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదేం?" అంది నవ్వు తగ్గాక.

"ఆగాలనిపించలేదు."

"బాగా చేశారు" అంది. మా ఆవిడ. నన్ను. తారీకు పైన వేసే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

తర్వాత లేచి దీపం కింద మిషన్ దగ్గర కూర్చుంటూ, వెనక్కి తిరక్కుండా అంది. "తమ్ముడికి నిన్ననే చెప్పాను, సోమవారం నుంచి వస్తారని. సీటు ఖాళీగానే ఉందట."

మే 20, సోమవారం

బావమరిది గేటు దగ్గరే నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఒక్క వెటకారమూ ఆడలేదు, మూడుసార్లు చూశానన్నాడు. ఆ గదిలో ఒక్క దెబ్బా లేకపోయినా చెమటలు పట్టాయట వాడికి. స్కూల్లో చేరడానికి పొద్దున్నుంచీ జనం వస్తున్నారట, హెడ్డు నేర్పుతాడా అని అడిగి మరీ. నేర్పుతాడు. చక్కగా నేర్పుతాడు.

మొదటిది ఒక నర్సు, కొత్తగా నేర్చుకుంటోంది. కారు రోడ్డెక్కగానే తల పూర్తిగా నా వైపు తిప్పేసింది.

"సార్, మీరేనా ఆ హెడ్డు?"

"నేనే" అన్నాను. కారు ఎడమకు పోతోంది, గోడ దగ్గరపడుతోంది. నా కాలి కింద బ్రేకు ఉంది, తొక్కాను. కారు ఆగింది.

"నన్ను కాదమ్మా" అన్నాను. "రోడ్డు చూడు."